ఫేస్ సర్జరీకి ముందు మీ గోలీలన్నీ డాక్టర్‌కి చూపించండి

ముక్కు సర్జరీ గానీ ఫేస్‌లిఫ్ట్ (ముఖం మీద వదులైన చర్మం బిగించే సర్జరీ) గానీ చేయించుకుందామనుకునేవాళ్ళకి ఒక్క మాట, రోజూ వేసుకునే ప్రతి గోలీ, క్యాప్సూల్, పొడి ఒక సంచిలో వేసుకుని డాక్టర్ ముందు పెట్టండి. అమీర్‌పేటలో ఉండే మా అక్క బీపీ గోలీ ఒక్కటే చెప్పింది, ఫిష్ ఆయిల్, వెల్లుల్లి క్యాప్సూల్స్ మందులే కాదనుకుని వదిలేసింది, తీరా చివరి వారంలో బయటపడి సర్జరీ డేట్ మార్చాల్సొచ్చింది, పాపం ఆఫీసులో లీవు కూడా పెట్టేసుకుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, విటమిన్ ఇ లాంటివి కూడా అంతే, రక్తం తొందరగా గడ్డకట్టనివ్వవు, ముఖంలో రక్తనాళాలు ఎక్కువ కాబట్టి వాపు, కమిలిన మచ్చలు పెరుగుతాయి. మామూలుగా 2 వారాల ముందు ఆపమంటారు. కానీ గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు దయచేసి సొంతంగా ఆపొద్దు, కార్డియాలజిస్ట్‌ని అడిగాకే.

సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి, వేప్ అయినా హుక్కా అయినా సరే, నికోటిన్‌తో రక్తనాళాలు ముడుచుకుని కుట్లు సరిగ్గా మానవు.

బంజారాహిల్స్‌లో పెద్ద బోర్డు చూసి లోపలికి వెళ్ళిపోకండి, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ చేశారా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని అడగండి, అడగడానికి మొహమాటం అస్సలొద్దు.

ఇంకోటి, సర్జరీ రోజున ముందువైపు గుండీలుండే చొక్కానే వేసుకెళ్ళండి, టీషర్ట్ అయితే కట్టు మీదనుంచి తియ్యలేరు. ఇంట్లో తల ఎత్తులో ఉండేలా రెండు దిండ్లు ముందే సర్దిపెట్టుకోండి.