జ్వరంలో పెద్దవాళ్లు ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే ఏం చేయాలి?

నిన్నటిదాకా పేపర్ చదువుకుంటూ తన మందులు తనే వేసుకున్న పెద్దావిడ, జ్వరం తగిలిన రెండో రోజు కూతుర్నే "ఎవరమ్మా నువ్వు" అని అడిగితే ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడవు. "వయసు కదా, మతిమరుపు మొదలైంది" అని మాత్రం సరిపెట్టుకోకండి. మతిమరుపు జబ్బు సాధారణంగా నెలలు, ఏళ్లు తీసుకుంటుంది. గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో మనిషి మారిపోతే అది డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం కావచ్చు, పాతవాళ్లు సంధి అనేది ఇలాంటిదాన్నే.

మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ వస్తే రోగనిరోధక కణాలు ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతాయి. క్రిమి మెదడు దాకా పోనక్కర్లేదు, రక్తం ద్వారా, లోపలి అవయవాల్ని మెదడుతో కలిపే వేగస్ నరం ద్వారా ఆ కబురు చేరితే చాలు, మెదడుకి కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోతాయి, కొత్త జ్ఞాపకాలు నిలబెట్టే హిప్పోకాంపస్ పని దెబ్బతింటుంది. వయసులో ఉన్నవాళ్లకి మగత, చిరాకుతో పోయేది పెద్ద వయసు మెదడుకి తట్టుకోలేనంత అవుతుంది.

ముందుగా చూడాల్సింది పక్షవాతం. మూతి వంకర పోయినా, ఒక చేయి లేవకపోయినా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్, ఆయాసం, లేపినా లేవకపోవడం కూడా అంతే. షుగర్ ఉన్నవాళ్లయితే గ్లూకోమీటర్‌తో చూడండి, 70 కన్నా తక్కువుండి మింగగలిగితే పంచదార నీళ్లు తాగించండి.

ఇవేవీ లేకపోతే శనివారం నుంచి వెనక్కి వారాలు చెప్పమనండి. రోజూ చెప్పగలిగే మనిషి మధ్యలో తప్పిపోయి వేరే మాటల్లోకి వెళ్తుంటే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. అరిచి గోల చేసేవాళ్లనే కాదు, మాట్లాడకుండా ముడుచుకుని పడుకునేవాళ్లని కూడా, నిజానికి ఎక్కువగా మన కళ్లు కప్పేది వీళ్లే.

ఎప్పుడు మొదలైందో చెప్పండి, వాడే మందులన్నీ పట్టుకెళ్లండి. జలుబు, అలర్జీ, నిద్ర మాత్రలు కూడా దీన్ని పెంచగలవు. రక్తంలో సోడియం చూడాలా, మూత్ర పరీక్ష అవసరమా అని అడగండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గానీ, రాత్రి పడుకోవడం లేదని నిద్రమాత్ర గానీ మీరే వేయొద్దు.

మందు ఎంత ముఖ్యమో పక్కన ఉండే మనిషీ అంతే. కళ్లజోడు పెట్టండి, చెవి మిషన్ ఉంటే తగిలించండి, పగలు కర్టెన్లు తీసి ఉంచండి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగిస్తూ ఉండండి. పోయిన భర్త గుమ్మంలో నిలబడ్డాడని అంటుంటే "ఆయన పోయి పదేళ్లయింది" అని వాదించకుండా, చెయ్యి పట్టుకుని "అమ్మా, నేను నీ కూతుర్ని, మనింట్లోనే ఉన్నాం, నీకు జ్వరం వచ్చింది, తగ్గిపోతుంది" అని నెమ్మదిగా చెప్పండి, ఎన్నిసార్లయినా సరే.

జ్వరం తగ్గాక కూడా మనిషి తేరుకోవడానికి వారాలు పట్టొచ్చు. అప్పటికీ పాత మనిషి కాలేదనిపిస్తే న్యూరాలజిస్టుకి చూపించండి. ఇకముందు ఆపరేషన్ ఏదైనా అవసరమైతే మత్తు డాక్టరుకి ఈ సంగతి తప్పకుండా ముందే చెప్పండి, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.