ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్: రక్తపరీక్షల ద్వారా వ్యాధి గమనాన్ని అంచనా వేయడం ఎలా

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకో ఇతర అవయవాలకో పాకిన తరువాత రక్తపరీక్షల కాగితాలు పోగుపడుతూనే ఉంటాయి. వాటిలో ఇంట్లోవారి కళ్లు ముందుగా వెతికేది పి.ఎస్.ఏ. (ప్రోస్టేట్ కణాలు విడుదల చేసే ఒక ప్రోటీన్) అంకెనే. ఆ ఒక్క అంకెను చూసి ధైర్యపడడమూ దిగులుపడడమూ రెండూ తొందరపాటే. రక్తంలోని సూచికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కాలక్రమంలో చూసినప్పుడే అవి నమ్మదగిన మాట చెబుతాయి.

కాబట్టి మొదట ఒక పట్టిక రాసుకోవాలి. పరీక్ష తేదీ, పి.ఎస్.ఏ., టెస్టోస్టెరాన్ (పురుష హార్మోను), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ముఖ్యంగా ఎముకలు, కాలేయం నుంచి వచ్చే ఎంజైము), ఎల్.డి.హెచ్. (కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ఎంజైము), హీమోగ్లోబిన్, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) విలువలను వరుసగా రాసి, మందు మొదలుపెట్టిన, మార్చిన తేదీలను పక్కనే గుర్తించాలి. పరీక్షా విధానం మారితే పి.ఎస్.ఏ. అంకె కూడా కొంత మారవచ్చు కనుక వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించడం మేలు. బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు కొన్ని పరీక్షా పద్ధతుల్లో ఫలితాన్ని తారుమారు చేస్తాయి. వాడుతున్నవారు రక్తం ఇచ్చేముందే ఆ సంగతి చెప్పాలి.

టెస్టోస్టెరాన్‌ను అణచే హార్మోన్ చికిత్స మొదలైన తరువాత పి.ఎస్.ఏ. ఎంత లోతుకు దిగిందన్నది చాలా విలువైన సమాచారం. 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, 7 నెలల చికిత్స తరువాత పి.ఎస్.ఏ. మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు లేదా అంతకన్నా తక్కువకు దిగినవారి మధ్యస్థ జీవితకాలం 75 నెలలు, 4కు పైన ఉండిపోయినవారిది 13 నెలలు. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం జీవించారని అర్థం. పైగా ఆ తరువాత వచ్చిన మందులు ఆయుష్షును పెంచాయి కనుక ఆ అంకెలను ఎవరూ తమ గడువుగా తీసుకోకూడదు.

పి.ఎస్.ఏ. మళ్లీ పెరుగుతుంటే, ముందు టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 50 నానోగ్రాములకన్నా తక్కువగా ఉందో లేదో చూడాలి. లేకపోతే హార్మోను సరిగా అణగలేదన్నమాట. అది అణిగే ఉంటే, పెరుగుదల వేగం ముఖ్యం: స్కానులో వ్యాప్తి కనిపించనివారిలో పి.ఎస్.ఏ. 10 నెలలలోపే రెట్టింపవుతుంటే ముప్పు ఎక్కువగా పరిగణిస్తారు. అయితే కొత్త మందు మొదలైన తొలి 12 వారాల్లో కనిపించే పెరుగుదలను బట్టి మాత్రమే ఆ మందు పనిచేయలేదని తేల్చరు.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎముకల్లోని వ్యాధి తీవ్రతను సూచిస్తుంది, కానీ కాలేయ సమస్యలోనూ, చికిత్సకు ఎముక మానుతున్నప్పుడు కూడా అది పెరగవచ్చు. ఎల్.డి.హెచ్. ఎక్కువగా కొనసాగడం మంచి సూచన కాదు. కాకపోతే నమూనాలో రక్తకణాలు పగిలినా అది పెరుగుతుంది కనుక, అనుకోకుండా ఎక్కువ వస్తే మరోసారి చేయించి చూడాలి. హీమోగ్లోబిన్ హార్మోన్ చికిత్స వల్లనే కొంత తగ్గుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది పి.ఎస్.ఏ. తక్కువగా ఉంటూనే వ్యాధి పెరిగే సందర్భంలో. క్యాన్సర్ కణాల స్వభావం మారి అవి పి.ఎస్.ఏ.ను విడుదల చేయడం మానేయవచ్చు. అటువంటప్పుడు స్కాను, బయాప్సీ అవసరమవుతాయి. నడుమునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గితే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కించే పరీక్ష ఉంది, 7.5 మిల్లీలీటర్లలో 5 లేదా అంతకన్నా ఎక్కువ కణాలుంటే వ్యాధి గమనం ప్రతికూలంగా ఉండే అవకాశం ఎక్కువ. కణితి నుంచి రక్తంలోకి చేరే డి.ఎన్.ఏ.లో బి.ఆర్.సి.ఏ. 2 (దెబ్బతిన్న డి.ఎన్.ఏ.ను బాగుచేసే జన్యువు) వంటి జన్యువుల్లో మార్పులను వెతికే పరీక్ష, అటువంటి మార్పులున్న క్యాన్సర్‌కు వాడే ఒలాపరిబ్ వంటి మందు ఎవరికి పనికిరావచ్చో కూడా చెబుతుంది. దీనిని వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు, కొత్త చికిత్సకు ముందు చేయించాలి. వ్యాధి అణిగి ఉన్నప్పుడు రక్తంలో ఆ డి.ఎన్.ఏ. చాలినంత ఉండదు, అప్పుడు ఏమీ కనబడలేదని వచ్చిన ఫలితాన్ని మార్పు లేదన్న రుజువుగా తీసుకోకూడదు. మార్పు కనిపిస్తే అది పుట్టుకతో వచ్చినదా కాదా అన్నది వేరే పరీక్షతో తేల్చుకోవాలి, ఎందుకంటే వంశపారంపర్యమైనదైతే కొడుకులు, కూతుళ్లు, తోబుట్టువులు కూడా జన్యు సలహాకు వెళ్లవలసి ఉంటుంది.