అడవి వేర్ల బూజుని మన నర్సరీ సంచుల్లోకి తెచ్చుకోవడం ఎలా

నాలుగేళ్ల కిందట పొలం గట్ల మీద పెడదామని 150 టేకు, ఎర్రచందనం మొక్కలు సంచుల్లో పెంచాను. నర్సరీలో ఉన్నన్నాళ్లూ నిగనిగలాడాయి. గట్టు మీద పెట్టాక రెండో వేసవికల్లా సగం ఎండిపోయాయి, మిగిలినవి మోకాలెత్తు దాటలేదు. అదే గట్టు చివర ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని వేప మొక్క ఒకటి నా భుజం దాకా వచ్చేసింది. ఆ ఉక్రోషం కొద్దీ చచ్చిన టేకు మొక్కని పీకి, వేప పక్కన కాస్త తవ్వి రెండిటి వేర్లూ పక్కపక్కన పెట్టి చూశాను. టేకు వేర్లు కడిగిన సేమియాలా ఉన్నాయి. వేప సన్నవేర్లకి మాత్రం మట్టి చిన్న చిన్న గడ్డలుగా అంటుకుని, ఎంత దులిపినా వదల్లేదు.

ఆ మట్టిని అలా పట్టుకోవడంలో వేర్లతో పాటు బూజుకీ చెయ్యి ఉంది. రొట్టె మీద పట్టే బూజు కాదు, వేరుతో కలిసి కాపురం చేసే రకం. పేరు మైకోరైజా, ఎరువుల, పురుగుమందుల షాపుల్లో వ్యామ్ అని అమ్ముతారు. 1885లో ఆ పేరు పెట్టింది ఎ.బి. ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త. నిజానికి ఆయనకి ప్రభుత్వం అప్పజెప్పిన పని ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగుని సాగు చేసే దారి వెతకడం. ట్రఫుల్ సాగు సంగతేమో గానీ, అడవి చెట్ల సన్నవేర్లని బూజు తొడుగులా కప్పేసి ఉండటం, అయినా చెట్లు ఆరోగ్యంగా ఉండటం ఆయన కంటబడింది.

వేరుకీ బూజుకీ మధ్య బేరం ఏమిటంటే, భాస్వరం నేలలో పెద్దగా కదలదు. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం, నల్ల నేలల్లో సున్నం దాన్ని పట్టేసుకుంటాయి. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేశాక ఇంక కూర్చుని చూడాల్సిందే. బూజు పోగులు వేరు కంటే ఎన్నో రెట్లు సన్నం కాబట్టి, వేరు దూరలేని సందుల్లోకి దూరి, కొన్ని సెంటీమీటర్ల అవతల నుంచి భాస్వరం, జింకు, అంతో ఇంతో నీరు లాక్కొస్తాయి. కూలి కింద చెట్టు తను ఎండలో వండుకున్న చక్కెరలో వాటా ఇస్తుంది, కొన్నిసార్లు ఐదో వంతు దాకా. అడవిలో డీఏపీ ఎరువు వేసే నాథుడు లేకపోయినా చెట్లు బతకడానికి ఇది పెద్ద కారణం. నర్సరీ సంచిలో పెరిగిన మొక్కకి ఈ తోడు లేదు, పైగా వారం వారం మందు నీళ్లు తాగి దాని అవసరమూ తెలియలేదు.

చెట్లు మాట్లాడుకుంటాయి, తల్లి చెట్టు పిల్లలకి అన్నం పంపుతుంది అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. 1997లో కెనడా అడవుల్లో సుజాన్ సిమార్డ్ ప్రయోగం ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి కర్బనం వెళ్లిందని చూపించిన మాట నిజమే. కానీ అది నేల కింద పోగుల గుండానే వెళ్లిందా, వెళ్లినా పిల్ల మొక్కకి ఏమైనా ఒరిగిందా అన్నది ఇంకా తేలలేదు, 2023లో ఆ రంగంలోని వాళ్లే మనం కాస్త ఎక్కువ చెప్పేశామని రాశారు. మన పనికి ఆ గొడవ అక్కర్లేదు. వేరుకీ బూజుకీ మధ్య ఉన్న బేరం చాలు.

ముందు మీ చెట్టు ఏ కోవదో చూసుకోండి. టేకు, ఎర్రచందనం, వేప, చింత, ఇప్ప, వెదురు, మామిడి లాంటి మన చెట్లలో ఎక్కువ శాతానికి బూజు వేరు కణాల్లోపలికి వెళ్లి కూర్చుంటుంది, పైకి పుట్టగొడుగేమీ రాదు. పైన్, సాల చెట్లకి బూజు వేరు కొసని బయటి నుంచి తొడుగులా కప్పుతుంది, వానలకి పైన పుట్టగొడుగులూ వస్తాయి. బస్తర్‌లో తొలకరికి బంగారం ధర పలికే బోడా అనే పుట్టగొడుగు ఇలా సాల వేర్ల తోడుతో పుట్టేదే, అందుకే దాన్ని షెడ్డులో పెంచడం కుదరదు. జామాయిల్, సరుగుడు రెండు రకాలతోనూ సర్దుకుంటాయి. అన్నట్టు, మనం కూర వండుకునే అసలు పుట్టగొడుగు ఈ రెండిట్లోనూ లేదు. అది పేరుకి తగ్గట్టే పుట్టలోని చెదలు పెంచుకునే పంట, వేర్లతో దానికి సంబంధం లేదు. ఆ మట్టి తెచ్చి సంచుల్లో కలిపి ఏదో జరుగుతుందని ఎదురుచూడకండి (నేను చూశాను).

ఇక చేసే పద్ధతి. నేను మొదట షాపులో ప్యాకెట్ కొన్నాను, ఎవరిదో చెప్పను. రేకుల షెడ్డులో ఏప్రిల్, మే ఎండకి ఉడికిన పొడి అది, అది కలిపిన మట్టిలో జొన్న వేసి చూస్తే వేర్లకి బూజేమీ పట్టలేదు. అన్ని ప్యాకెట్లూ ఇంతేనని కాదు. కానీ బతికున్న వేరు దగ్గర నుంచి మొదలుపెడితే ఈ అనుమానం ఉండదు, ఖర్చూ ఉండదు.

దసరాకి మొదలుపెడితే సంక్రాంతి వెళ్లాక కొద్ది రోజులకి బూజు పొడి చేతిలో ఉంటుంది, ఆ తర్వాతే కదా సంచులు నింపేది. ఊళ్లో ఎవరూ ఎరువు వెయ్యని, మందు కొట్టని పాత చింతో, వేపో చూసుకోండి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లి మట్టి తవ్వుకురావద్దు, కేసు అవుతుంది, అవసరమూ లేదు. కొమ్మల నీడ అంచు దగ్గర పైన రాలిన ఆకులు పక్కకి నెట్టి, జానెడు లోతు లోపల సన్నవేర్లు అల్లుకున్న మట్టిని వేర్లతో సహా రెండు మూడు కిలోలు తీసుకోండి. పైపైకి ఎండుతున్న చెట్టు కింద, వేర్ల మీద ముడులు కనిపించే చోట వద్దు, తెగులూ నులిపురుగులూ మన వెంట వచ్చేస్తాయి. తెచ్చినదాన్ని ఎండబెట్టకుండా వేర్లని కత్తెరతో అంగుళం ముక్కలు చేసి కలిపెయ్యండి. పెరుగుకి తోడు వేసినట్టు, ఇదే మన తోడు.

20 లీటర్ల పాత పెయింట్ డబ్బాకి అడుగున చిల్లులు పెట్టండి. మూడు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి కలిపి ఆవిరి పట్టించాలి. నేను డ్రమ్ము అడుగున నీళ్లు పోసి, ఇటుకల మీద గోనెసంచిలో కట్టిన మట్టి పెట్టి గంట సేపు మంట పెడతాను, పెద్ద ఇడ్లీ అనుకోండి. చల్లారాక డబ్బాలో ముప్పాతిక వంతు నింపి, పైన రెండంగుళాల మందాన తోడు పరిచి, మళ్లీ అంగుళం ఇసుక కప్పి, 15, 20 జొన్న గింజలు వెయ్యండి. ఈ వేర్లలోనే బూజు పెరుగుతుంది, మొక్కజొన్న అయినా సరే. షాపు విత్తనాలకి గులాబీ రంగులో పూసి ఉండేది బూజుని చంపే మందే, కాబట్టి ఇంట్లో తినే జొన్నలే వాడండి. పేడ, కంపోస్టు, డీఏపీ ఏదీ వద్దు. నెల తిరిగేసరికి ఆకుల అంచులు కాస్త ఊదారంగుకి తిరిగితే భాస్వరం ఆకలి అన్నమాట, కంగారుపడి ఏదో పోయకండి, ఆ ఆకలికే వేరు బూజుని లోపలికి పిలుస్తుంది. మరీ పసుపు పచ్చగా అయిపోతే లీటరు నీళ్లకి ఒక గ్రాము యూరియా కలిపి ఒకసారి పోస్తే సరిపోతుంది.

మూడు నెలలయ్యాక నీళ్లు ఆపెయ్యాలి. మొక్క చనిపోతోందని బూజుకి తెలిసినట్టే ఉంటుంది, విత్తనాల్లాంటి గింజలు కడుతుంది. పది రోజులకి కాండం మొదలంటా కోసేసి, ఇంకో వారం నీడలో ఆరనిచ్చి, డబ్బా బోర్లించి వేర్లని అర అంగుళం ముక్కలు చేసి ఇసుకలో కలిపెయ్యండి. వేర్ల మీద ముడులు కనిపిస్తే మాత్రం మొత్తం పారబొయ్యండి, నాకు ఒకసారి అలా పోయింది. బాగుంటే గుడ్డ సంచిలో కట్టి, ఎండ తగలని చల్లటి చోట పెట్టి ఏడాదిలోపు వాడెయ్యండి.

అసలు బూజు పట్టిందా లేదా అని చూడాలనిపిస్తే, చూడాలి కూడా, పెన్ను సిరా, వెనిగర్ చాలు. 1998లో వచ్చిన పద్ధతి ఇది. వేర్లు కడిగి సెంటీమీటరు ముక్కలు చేసి, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన గాజు సీసాలో వేసి, ఆ సీసాని వేడి నీళ్ల గిన్నెలో అరగంట పైగా ఉంచితే వేర్లు గాజులా పారదర్శకంగా అవుతాయి. ఇది చర్మాన్ని, కళ్లని కాల్చే సరుకు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, అల్యూమినియం గిన్నె వాడొద్దు, పిల్లల్ని దూరంగా పెట్టండి. తర్వాత నాలుగైదు సార్లు కడిగి, 95 పాళ్ల తెల్ల వెనిగర్‌లో 5 పాళ్ల నల్ల సిరా కలిపి మూడు నాలుగు నిమిషాలు వేడిచేసి, రెండు చుక్కల వెనిగర్ వేసిన మామూలు నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితం మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు పెద్దది చేస్తుంది, అది సరిపోతుంది. వేరు పొడుగునా నల్లటి పోగులు పాకుతూ, అక్కడక్కడ కోడిగుడ్డు ఆకారంలో బుడగలు, అదృష్టం బాగుంటే కణం లోపల ఆకుల్లేని చిన్న చెట్టులా కొమ్మలేసిన ఆకారం కనిపిస్తాయి. ఆ చెట్టు లాంటిదే బేరం జరిగే చోటు. మొదటిసారి చూసిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను, మా ఆవిడ ‘ఇదా’ అని వెళ్లిపోయింది.

వాడేటప్పుడు ఒకటే సూత్రం: పొడి వేరుకి తగలాలి. సంచి సగం నింపి, రెండు టీస్పూన్ల పొడి వేసి, మట్టి పలుచగా కప్పి విత్తనం పెట్టండి. గుంటలో నాటేటప్పుడైతే వేర్ల ముద్ద కిందే ఒక గుప్పెడు. పాదులో పైన చల్లితే ఎండకి చచ్చిపోతుంది. పొడి వేశాక సంచుల్లో డీఏపీ బాగా తగ్గించండి, కార్బెండజిమ్ లాంటి బూజు మందుతో మట్టిని తడపడం ఆపండి.

జామాయిల్ మొక్కలైతే పని ఇంకా తేలిక. పాత తోటలో వానలు పడ్డాక నేలలోంచి పైకి వచ్చే పేడ ఉండల్లాంటి పుట్టగొడుగులు వెతకండి, నొక్కితే గోధుమరంగు పొడి లేస్తుంది. తినేవి కావు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పొడిని బకెట్ నీళ్లలో గిలకొట్టి నారుకి పొయ్యాలి. పైన్‌కి అయితే ఈ తోడు లేకపోతే బతుకే లేదు. ప్యూర్టోరికో దీవిలో ఎన్నిసార్లు నాటినా పైన్ మొక్కలు పసుపు రంగుకి తిరిగి చచ్చేవి, 1950లలో అమెరికా పైన్ అడవి మట్టి తెచ్చి వేశాకే నిలబడ్డాయి. పైన్ వేర్లకి సిరా కూడా అక్కర్లేదు, కొసలు పొట్టిగా, ఇంగ్లీషు వై అక్షరంలా చీలి ఉంటే పట్టినట్టే.

ఒకవేళ పొడి మిగిలిపోతే మిర్చి, టమాటా, వంగ నారుమళ్లలో వేసుకోవచ్చు. క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు, తోటకూర, పాలకూర మళ్లలో మాత్రం వెయ్యకండి, వాటి వేర్లు ఈ బూజుతో పొత్తు పెట్టుకోవు.