ఆ ఏడు వాక్యభాగాలు నలుగురిలో చదవాలంటే

మూడేళ్ళ క్రితం మా బుధవారం గృహకూటంలో, స్వలింగ సంపర్కం గురించి బైబిలు ఏమంటుందో చూద్దామని నేనే అన్నాను. ఇరవై నిమిషాల్లో చెడిపోయింది. ఒక పెద్దాయన రోమా మొదటి అధ్యాయం గట్టిగా చదివారు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకమ్మాయి "కాలం మారింది అంకుల్" అంది. ఆయన "వాక్యం మారలేదమ్మా" అన్నారు. అక్కడినుంచి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. నేనే ఒక కీర్తన ఎత్తుకుని, ముగింపు ప్రార్థన చేసి అందరినీ పంపించేశాను.

ఆ రాత్రి గిన్నెలు తోముకుంటుంటే తట్టింది. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని. పద్యానికి ప్రతిపదార్థం చెప్పకుండా తాత్పర్యం రాస్తే సగం మార్కులు కోసేదాన్ని. వాక్యం దగ్గరకొచ్చేసరికి అందరం తాత్పర్యం పట్టుకునే కూర్చున్నాం.

ఆ తర్వాత రెండుసార్లు మళ్ళీ చేశాను, ఒకసారి మా గుంటూరు లూథరన్ల మధ్య, ఒకసారి ఒంగోలు దగ్గర మా అక్క వాళ్ళ బాప్టిస్టు స్త్రీల సమాజంలో. రెండుసార్లూ ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. ఎలా చేశానో చెబుతాను, మీ సంఘానికి తగ్గట్టు మార్చుకోండి.

ఒక్క రోజులో తేల్చేద్దామనుకోవద్దు. నాలుగు వారాలు పెట్టుకోండి, మనుషులు పన్నెండు మందికి మించకూడదు. అయ్యగారికి ముందే చెప్పండి. తర్వాత ఎవరో చెవిన వేస్తే ఆయనకు కోపం, మీకు టెన్షన్. ఫోన్లలో చదవనివ్వకండి, ఒక్కొక్కరి యాప్‌లో ఒక్కో అనువాదం ఉంటుంది, సగం టైము దానికే పోతుంది. మనం చిన్నప్పటి నుంచి చదివే పాత అనువాదంలోంచి ఒక ఎ4 కాగితం మీద ఈ ఏడూ ప్రింటు తీయించండి: ఆదికాండము 19, లేవీయకాండము 18:22, 20:13, రోమా 1:26-27, మొదటి కొరింథీ 6:9-10, మొదటి తిమోతి 1:10, యూదా 7. ఆదికాండము 19లో మొదటి పదకొండు వచనాలు చాలు. అక్షరాలు పెద్దవి పెట్టినా కాగితానికి రెండు వైపులా సరిపోతాయి. ఇంత గొడవకు మూలం ఒక్క కాగితమా అని మొదట ఆశ్చర్యపోయింది నేనే. వీటిలో యేసుప్రభువు మాట ఒక్కటీ లేదు. "ఆయన ఖండించలేదు కదా" అని ఒకరంటారు, "యూదులందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పే పని లేకపోయింది" అని ఇంకొకరంటారు. మౌనం ఎవరి సాక్షీ కాదని చెప్పి ముందుకు నడవండి.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఆకర్షణ వేరు, క్రియ వేరు, ఇద్దరు కలిసి కాపురం పెట్టడం వేరు. ఎవరు మాట్లాడినా మూడింట్లో దేని గురించో చెప్పి మాట్లాడాలి. రెండోది, ఆ మనిషి ఇప్పుడు ఈ గదిలోనే కూర్చున్నాడనుకుని మాట్లాడండి. రెండోది నేను మర్యాదకు చెప్పాననుకున్నాను. ఎంత నిజమో మూడో వారం తెలిసింది.

సుప్రీంకోర్టు సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. 2018 సెప్టెంబరు 6న 377 సెక్షన్ కింద ఇది నేరం కాకుండా పోయింది, 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు. అంతే, రెండు నిమిషాలు. మనం కూర్చున్నది దానికోసం కాదు.

మొదటి వారం సొదొమ, లేవీయకాండం. సొదొమ అనగానే అందరికీ తెలిసిన కథే అనుకుంటారు. అందుకే ముందు యెహెజ్కేలు 16:49 చదివించండి. సొదొమ దోషం గర్వం, తిండి సమృద్ధి, నిశ్చింతగా సుఖపడటం, బీదలకు చెయ్యి అందించకపోవడం అని ఉంటుంది. గదిలో ఒక్క క్షణం ఎవరూ కదలరు. ఆదికాండంలో జరగబోయింది లోతు ఇంటికొచ్చిన అతిథుల మీద గుంపుగా బలాత్కారం. దాన్నుంచి ఇద్దరు మనుషులు ఇష్టపడి కలిసుండటం గురించి తీర్పు తీయడం కష్టమని, ఇది పాపమే అనే సంప్రదాయ పక్షంలోనూ చాలామంది పండితులు ఒప్పుకుంటారు. అయితే అక్కడ ఆపేస్తే మోసం చేసినట్టే. యెహెజ్కేలు తర్వాతి వచనంలో హేయక్రియల మాట ఉంది. యూదా 7లో "పరశరీరానుసారులు" అని ఉంది. ఏ పరశరీరం? మూలంలో "వేరే మాంసం" అనే ఉంది. ఆ వచ్చినవాళ్ళు దేవదూతలు గనుక దూతల శరీరం అంటారు కొందరు, కాదు మగవాళ్ళనే అంటారు కొందరు. నన్నడిగితే ఈ వాదంలో సొదొమ ఎవరికీ గట్టి కర్ర కాదు.

లేవీయకాండం వచనం సూటిగా ఉంటుంది: "స్త్రీ శయనమువలె పురుషశయనము కూడదు, అది హేయము." వెంటనే కుర్రాళ్ళు పంది మాంసం, రెండు రకాల నూలు కలిపిన బట్ట ఎత్తుతారు. పెద్దవాళ్ళు, అదే అధ్యాయంలో వావివరుసలు తప్పడం, పిల్లల్ని మోలెకు అనే దేవతకివ్వడం కూడా ఉన్నాయి, అవి కొట్టేశామా అంటారు. ఇద్దరిదీ సరైన ప్రశ్నే. ఇక్కడ నేను చేసే పని ఒకటుంది. అదే అధ్యాయం 19వ వచనం చదవమంటాను. భార్య ముట్టులో ఉన్నప్పుడు దగ్గరకు పోకూడదని ఉంటుంది. మా గదిలో మగవాళ్ళు నేల చూపులు చూశారు, ఆడవాళ్ళు కొంగులో నవ్వుకున్నారు. మూడు వచనాల దూరంలో ఉన్న రెండు ఆజ్ఞల్లో ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేయడానికి మనం వాడే కొలబద్ద ఏమిటి? వారమంతా ఆలోచించుకు రమ్మని పంపించండి. కొలబద్ద ఉంది, క్రొత్త నిబంధనలో మళ్ళీ చెప్పినవి ఉంచుకున్నాం అంటారు సంప్రదాయపక్షం వాళ్ళు. అందుకే తర్వాత రెండు వారాలూ పౌలు దగ్గరే.

రోమా మొదటి అధ్యాయంలో పట్టుకోవాల్సిన మాట "స్వాభావిక విరుద్ధమైన". గ్రీకులో "పారా ఫూసిన్". సంప్రదాయ పక్షం ఇక్కడ బలంగా ఉంటుంది. పౌలు సృష్టికర్తను తలుచుకుంటూ రాస్తున్నాడు, మగ, ఆడ అనడానికి వాడిన మాటలు కూడా ఆదికాండం పాత గ్రీకు అనువాదం 1:27లోవే. పైగా స్త్రీల సంగతి విడిగా చెప్పాడు, కాబట్టి ఇది పసిపిల్లల్ని పాడుచేసే రోమా దొరల గురించి మాత్రమే అనడం కుదరదు. అవతలి పక్షం రోమా 11:24 చూపిస్తుంది. అక్కడ దేవుడే అన్యజనుల్ని "స్వభావవిరుద్ధముగా" మంచి ఒలీవచెట్టుకు అంటుకట్టాడు. అదే గ్రీకు మాట. విరుద్ధం అంటే అలవాటుకు మించింది, అది పాపానికి మారుపేరు కాదంటారు. మొదటి అధ్యాయంలో ఉన్నది విగ్రహాల వెంట పడి కామంతో కాగిపోయినవాళ్ళ వర్ణన, సంఘంలో మోకాళ్ళ మీద ప్రార్థించే మనిషి గురించి కాదు అని కూడా అంటారు. మా అక్క వాళ్ళ దగ్గర ఈ వారం గంటన్నర అనుకున్నది రెండున్నర గంటలు పట్టింది, టీ రెండుసార్లు పెట్టాల్సొచ్చింది.

ఒక నియమం మాత్రం వదలకండి. 1:32 దగ్గర ఎవరినీ ఆపనివ్వకండి. అధ్యాయాలు పౌలు పెట్టినవి కావు, పదమూడో శతాబ్దంలో వచ్చాయి. గుక్క తిప్పుకోకుండా 2:1 చదివించండి: "కాబట్టి తీర్పు తీర్చు మనుష్యుడా, నీవెవడవైనను సరే నిరుత్తరుడవై యున్నావు." మొదటిసారి గట్టిగా చదివిన మా పెద్దాయన ఈసారి దీన్ని నెమ్మదిగా చదివారు.

మూడో వారం మొదటి కొరింథీ 6:9. తెలుగువాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే. "ఆడంగితనముగలవారైనను పురుషసంయోగులైనను" అని ఉంటుంది. నేను పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గోడకు తగిలించి మాటలు విడగొట్టి రాశాను.

మొదటి మాట మలకోయ్. ఉట్టి అర్థం "మెత్తనివాళ్ళు". మత్తయి 11:8లో యోహాను గురించి చెబుతూ "సన్నపు బట్టలు" అన్నచోట ఉన్నదీ అదే మాట. అక్కడ బట్టకు సన్నదనమైంది, ఇక్కడ మనిషికి ఆడంగితనమైంది. కొందరు దీన్ని మగవాడితో ఆడదానిలా పడుకునేవాడని తీసుకుంటారు, కొందరు సుఖలోలుడని, కొందరు పిరికివాడని. ఇంకోటి చూడండి. పౌలు ఏ అర్థంతో రాసినా, "ఆడంగి" అనేది మన వీధుల్లో తిట్టు. నడక కాస్త వేరుగా ఉన్న పిల్లాడినల్లా అనే తిట్టు. ఏ పాపమూ తెలియని పదేళ్ళ పిల్లాడు ఆదివారం బల్ల మీద కూర్చుని, దేవుని రాజ్యంలో వీడికి చోటు లేదని తన తిట్టే పుస్తకంలో వింటాడు. సంప్రదాయ పక్షం వాళ్ళయినా సరే, ఈ మాట బయట వాడటం మానేయమని నేను ఖచ్చితంగా చెబుతాను.

రెండోది ఆర్సెనోకొయితై. ఆర్సెన్ అంటే మగ, కొయితే అంటే పడక. "పురుషసంయోగులు" అని సమాసం కట్టినాయన చక్కగా కట్టాడు. పౌలుకు ముందు ఈ మాట ఎక్కడా దొరకదు. గ్రీకు లేవీయకాండం 20:13లో ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి, అక్కడినుంచే పౌలు కట్టాడు అంటారు సంప్రదాయపక్షం. వాళ్ళ చేతిలో ఉన్న అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదేనని నేననుకుంటాను. అవతలివాళ్ళు, ముక్కలు విడదీసినంత మాత్రాన మాట అర్థం తేలదు అంటారు. తిమోతిలో దీని పక్కనే "మనుష్యచోరులు" ఉన్నారు, అంటే మనుషుల్ని అమ్ముకునే, వాడుకునేవాళ్ళ వరుస అంటారు. ఇంగ్లీషులో 1946లో ఆర్.ఎస్.వి. అనువాదం ఈ రెండు మాటల్నీ కలిపి "హోమోసెక్సువల్స్" అనేసింది. క్రియ గురించిన మాట మనిషి గురించిన మాటైపోయింది. 1971లో వాళ్ళే మార్చుకున్నారు. ఇక జాబితా మొత్తం చదివితే లోభులు, దూషకులు కూడా ఉన్నారు. చీటీల గొడవలో తిట్టుకున్న ఇద్దరు ఆ రోజు మా గదిలోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

ఆ రోజు అందరూ వెళ్ళాక ఒక కుర్రాడు గ్లాసులు తెచ్చి వంటింట్లో పెట్టాడు. పెట్టి కదల్లేదు. "టీచర్, ఏడో క్లాసు నుంచి నా పేరు అదే" అన్నాడు, క్యాలెండరు మీద మాట చూపించి. (వివరాలు మార్చి చెబుతున్నాను, ఎవరో వెతక్కండి.) మీకూ ఇలా జరగొచ్చు కాబట్టి చెబుతున్నాను. వెంటనే "ప్రార్థన చేద్దాం నాన్నా" అనకండి, అది తలుపు వేసేసినట్టు వినపడుతుంది. కూర్చోబెట్టండి, తినడానికి ఏదన్నా పెట్టండి, వినండి. వాళ్ళమ్మకు చెప్పకండి, అయ్యగారికీ చెప్పకండి. చెప్పాలా వద్దా అన్నది అతనిష్టం. మూడు రోజుల ఉపవాసంతో పోతుందనకండి. మార్చేస్తామనే చికిత్సలు చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యం, "పెళ్ళి చేస్తే సర్దుకుంటాడు" అని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ పిల్ల ఎవరి కూతురు? ఈ ఒక్కచోట రెండు పక్షాలూ నాతో ఏకీభవించాయి.

నాలుగో వారం వచనాలు వదిలేసి సంఘాల సంగతి చెప్పండి. చదివినవాళ్ళంతా ఒకే మాట మీద లేరని తెలిస్తే మనుషులు కాస్త నెమ్మదిస్తారు. 1842లో గుంటూరుకు ఫాదర్ హయ్యరును పంపిన అమెరికా లూథరన్ల వారసులు 2009లో దీని మీద ప్రకటన చేశారు. 676 మంది అవునంటే 338 మంది కాదన్నారు, సరిగ్గా మూడింట రెండొంతులు. అందులో, అసలు ఒప్పుకోనివాళ్ళ నుంచి పూర్తిగా ఒప్పుకునేవాళ్ళ దాకా నాలుగు రకాల మనస్సాక్షులకు చోటిచ్చారు. సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) కూడా సభ్యురాలిగా ఉన్న ఆంగ్లికన్ సహవాసంలో, 1998 లాంబెత్ సభలో బిషప్పులు 526 మంది ఇది వాక్యవిరుద్ధమన్నారు, 70 మంది ఆ తీర్మానానికి ఒప్పుకోలేదు. అదే తీర్మానంలో, వాళ్ళ అనుభవాలు వింటామని మాట కూడా ఇచ్చారు. యునైటెడ్ మెథడిస్టులు 2019లో 438-384 ఓట్లతో, స్వలింగ వివాహాలనూ అలాంటి పాస్టర్లనూ ఒప్పుకోని పాత నియమం బిగించి, 2024లో తీసేశారు; ఈలోగా వేల సంఘాలు విడిపోయాయి. రిచర్డ్ హేస్ అనే పండితుడి కథ తప్పకుండా చెప్పండి. 1996లో సంప్రదాయ పక్షానికి ఆయన రాసిందే పెద్ద ఆధారం. 2024లో కొడుకుతో కలిసి రాస్తూ మనసు మార్చుకున్నాడు. ఈ ఏడు భాగాలకూ కొత్త అర్థం కనిపెట్టలేదు; దేవుని కనికరం బైబిలంతటా ఎలా వెడల్పవుతూ వచ్చిందో చూడమన్నాడు.

అసలు తగువు ఈ కాగితం మీద లేదని అప్పటికి గదిలో అందరికీ అర్థమవుతుంది. ఒకరు మత్తయి 19:4-6 మీద, ఆడామగా ఏకశరీరం అన్నచోట నిలబడతారు. ఒకరు అపొస్తలుల కార్యములు 10, 15 మీద, అంటే అపవిత్రమనుకున్నవి దేవుడు పవిత్రం చేశాడని దుప్పటి దర్శనంలో చూసి పేతురు అన్యుడైన కొర్నేలి ఇంటికి వెళ్ళినచోట నిలబడతారు. ఆకర్షణ ఉన్నా ఒంటరిగా ప్రభువు సేవలో బతుకుతామని మత్తయి 19:12 పట్టుకున్నవాళ్ళు మధ్యలో ఉంటారు. వాళ్ళను ఇద్దరూ మర్చిపోతుంటారు.

ఇప్పుడు పక్షాలు మార్చండి. ఎవరి వాదం వాళ్ళు చెప్పకూడదు, అవతలివాళ్ళది చెప్పాలి, అవతలివాళ్ళు "అవును, నేననేది అదే" అనేవరకు. బెంగళూరు అమ్మాయి రోమా 1ని చెప్పడానికి తడబడింది. మా పెద్దాయన మాత్రం పేతురు దుప్పటి దగ్గర మొదలుపెట్టి కొర్నేలి ఇంటిదాకా పావుగంట చెప్పారు. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని వింది.

నువ్వెటు అని మిమ్మల్ని అడుగుతారు. చివరి వారం దాకా చెప్పకండి. నా సంగతంటారా, పౌలు దగ్గర కూర్చున్నప్పుడు నాకు పాత అర్థమే ఎక్కువ సరిగ్గా కనిపిస్తుంది, వంటింట్లో ఆ పిల్లాడి మొహం గుర్తొచ్చినప్పుడు కొర్నేలి ఇల్లు గుర్తొస్తుంది. అదే చెప్పాను.

ఆఖరున కాగితాలు వెనక్కి తీసుకోండి, బల్లల మీద వదిలేస్తే గీతలూ రాతలూ పిల్లల చేతుల్లో పడతాయి. పన్నెండుకు పదకొండు వచ్చాయి. పెద్దాయన తనది మడిచి బైబిల్లో పెట్టుకుని, "నాకింకా అవలేదమ్మా" అని చెప్పులేసుకున్నారు.