కంట్రోలర్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

బెంగళూరులో ఇంటర్వ్యూలకి తిరుగుతున్న మనవాళ్ళని ఎంవీసీ అంటే ఏంటని అడిగితే మోడల్ (డేటా, దాని రూల్స్), వ్యూ (తెర మీద కనబడేది), కంట్రోలర్ (రిక్వెస్ట్ అందుకునేది) అని గడగడా చెప్పేస్తారు. "మరి ఈ కోడ్ కంట్రోలర్‌లో ఎందుకు పెట్టావు?" అంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఉద్యోగంలో రోజూ పనికొచ్చేది ఆ రెండో ప్రశ్నే. మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళకి పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళ) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి, పీజీలో బెడ్ బుక్ చేసుకోవడానికీ, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ లెక్క చూసుకోవడానికీ ఒక యాప్ రాస్తున్నామనుకుందాం.

కంట్రోలర్ పని ఇది: బయటి నుంచి వచ్చిన రిక్వెస్ట్‌ని అర్థం చేసుకోవాలి, అసలు పని చేసే కోడ్‌కి అప్పగించాలి, వచ్చిన ఫలితాన్ని రెస్పాన్స్‌గా పంపాలి. యూఆర్ఎల్, హెడర్లు, కుకీలు, జేసన్ లాంటివన్నీ దానికి తెలిస్తే చాలు, లోపలి కోడ్‌కి వాటి ఊసే ఉండకూడదు. 1979లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లో ట్రిగ్వే రీన్స్‌కాగ్ ఎంవీసీ ఆలోచన చేసినప్పుడు కూడా కంట్రోలర్, ప్రోగ్రామ్ వాడే మనిషి ఇచ్చే ఇన్‌పుట్ వైపే ఉండేది, వెబ్‌కి వచ్చాక ఆ ఇన్‌పుట్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అయింది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో పనిచేసేవాళ్ళు ఇక్కడ కంట్రోలర్ అన్నచోటల్లా తమ వ్యూ ఫంక్షన్ అనుకోండి.

ముందు వచ్చినవాడు ఎవడో తేలాలి. లాగిన్ చూసే పని మామూలుగా మిడిల్‌వేర్, అంటే కంట్రోలర్ కంటే ముందు నడిచే కోడ్, చేసేస్తుంది. అసలు జాగ్రత్త ఆ తర్వాత కావాలి. లాగిన్ అయిన మనిషి బుకింగ్స్ పేజీలో యూఆర్ఎల్ చివరున్న బుకింగ్ నంబర్ 41ని 42 చేశాడు, పక్క రూమ్‌వాడి ఆధార్ కాపీ తెర మీదికొచ్చేసింది. ఇదేదో అరుదైన తప్పు కాదు, వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 టాప్ 10 లోపాల జాబితాలో బ్రోకెన్ యాక్సెస్ కంట్రోలే (అనుమతులు సరిగ్గా చూడకపోవడమే) మొదటి స్థానంలో ఉంది. కాబట్టి బుకింగ్ వెతికేటప్పుడు మొత్తం టేబుల్‌లో వెతక్కండి, లాగిన్ అయిన మనిషి బుకింగ్స్‌లోనే వెతకండి. దొరక్కపోతే "దొరకలేదు" అని చెప్పే స్టేటస్ కోడ్ 404 పంపండి, అలాంటి బుకింగ్ ఉందన్న సంగతి కూడా బయటపడదు.

తర్వాత ఇన్‌పుట్. ఫారంలో వచ్చిందంతా తీసుకెళ్ళి మోడల్‌లో పోసేయకండి. 2012లో గిట్‌హబ్‌లో సరిగ్గా ఈ రంధ్రంలోంచే ఒకాయన తన యాక్సెస్ కీని రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుకి తగిలించి, దాని రిపాజిటరీలోకి కోడ్ పంపగలిగాడు. 2013లో వచ్చిన రైల్స్ 4 నుంచి, ఏ ఫీల్డ్స్ తీసుకోవాలో కంట్రోలర్‌లో పేరు పెట్టి చెప్పాల్సి వచ్చింది. లారావెల్, స్ప్రింగ్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లలో ఏది వాడినా అదే పద్ధతి పాటించండి: బెడ్ నంబర్, చేరే తేదీ అంతే. అద్దె ఎంతో ఫారం చెప్పకూడదు, సర్వర్ చెప్పాలి.

వాలిడేషన్ దగ్గర చాలామంది తికమక పడతారు. చేరే తేదీ అసలు తేదీలా ఉందా, బెడ్ నంబర్ ఖాళీగా వచ్చిందా అన్నవి కంట్రోలర్ దగ్గరే చూసుకోవచ్చు, తప్పుంటే ఇన్‌పుట్ బాగాలేదని చెప్పే 422 గానీ 400 గానీ పంపేయొచ్చు. ఆ బెడ్ ఖాళీగా ఉందా అన్నది మాత్రం లోపలి సంగతి. కంట్రోలర్‌లో ఖాళీ చూసి తర్వాత సేవ్ చేస్తే, ఇద్దరు ఒకేసారి నొక్కినప్పుడు ఇద్దరికీ ఖాళీగానే కనబడుతుంది, ఇద్దరికీ బుక్ అయిపోతుంది. ఒక బెడ్‌కి ఒకటే నడుస్తున్న బుకింగ్ అన్న షరతు డేటాబేస్‌లోనే ఉండాలి, పోస్ట్‌గ్రెస్‌లో పార్షియల్ యూనిక్ ఇండెక్స్‌తో (నడుస్తున్న బుకింగ్‌ల మధ్యే అదే బెడ్ రెండోసారి రానివ్వని ఇండెక్స్) అయిపోతుంది. రెండోవాడికి, ఇప్పటికే ఉన్నదానితో పొసగదని చెప్పే 409తో పాటు "ఈ బెడ్ ఇప్పుడే బుక్ అయింది" అన్న మాట పంపడం వరకే కంట్రోలర్ పని.

ఇప్పుడు అడ్వాన్స్ లెక్క. నెల ముందు నోటీసు ఇస్తే మెయింటెనెన్స్ మాత్రమే పట్టుకుంటారు, ఇవ్వకపోతే ఒక నెల అద్దె కూడా పట్టుకుంటారు, మధ్యలో టూ షేరింగ్ నుంచి త్రీ షేరింగ్‌కి మారి ఉంటే ఏ అద్దె పట్టాలన్నది ఇంకో గొడవ. మొదటిరోజు ఇదంతా కంట్రోలర్‌లో నాలుగు ఇఫ్‌లతో రాసేస్తే హాయిగానే ఉంటుంది. తర్వాత ఓనర్ అడ్మిన్ స్క్రీన్ కావాలంటాడు, మొబైల్ యాప్ వస్తుంది, రాత్రి నడిచే జాబ్ నెలాఖరు లెక్కలు వేయాలంటారు, ఆ నాలుగు ఇఫ్‌లూ మూడు చోట్లకి కాపీ అవుతాయి. నోటీసు రూల్ మారినరోజు ఒకచోట మార్చి మిగతాచోట్ల మర్చిపోతారు, ఖాళీ చేసి వెళ్ళే కుర్రాడికి రావాల్సిన డబ్బు పోతుంది. అందుకే ఏ లైన్ రాసినా ఒక ప్రశ్న వేసుకోండి: బ్రౌజర్ లేకుండా, కమాండ్ లైన్ నుంచి ఇదే పని చేయాల్సి వస్తే ఈ లైన్ కావాలా? కావాలంటే దాని చోటు కంట్రోలర్ కాదు. సర్వీస్ క్లాసా (ఇలాంటి పనికి విడిగా రాసుకునే క్లాస్), మోడలా అన్నది మీ టీమ్ అలవాటు. రైల్స్‌వాళ్ళు చాలా ఏళ్ళుగా చెప్పుకునే సన్న కంట్రోలర్, లావు మోడల్ అన్న మాటని అక్షరాలా పట్టుకుని అన్నీ ఒకే మోడల్‌లో కుక్కినా తలనొప్పే.

అలాగని ప్రతిదానికీ సర్వీస్ క్లాస్ అక్కర్లేదు. ఖాళీ బెడ్ల జాబితా చూపించే పేజీకి కంట్రోలర్‌లో రెండు లైన్లు చాలు, దాన్ని నాలుగు ఫైళ్ళకి పంచితే కొత్తగా చేరినవాళ్ళు వెతుక్కోవడానికే సరిపోతుంది.

ఎస్ఎంఎస్, ఈమెయిల్ కంట్రోలర్‌లో నిలబెట్టి పంపకండి. గేట్‌వే నెమ్మదిస్తే యూజర్ స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది, టెన్షన్‌తో మళ్ళీ నొక్కుతాడు. తర్వాత విడిగా పంపేలా క్యూలో పడేయండి, అదీ డేటాబేస్ ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాకే, అంటే బుకింగ్ ఖాయంగా సేవ్ అయ్యాకే.

రెస్పాన్స్ విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను: లోపల పని చెడిపోయినప్పుడు 200 పంపి జేసన్‌లో ఎర్రర్ అని రాయకండి. స్టేటస్ కోడ్ చూసి అలారం కొట్టే మానిటరింగ్‌కి అంతా బాగున్నట్టే కనబడుతుంది, రాత్రంతా ఎవరికీ తెలియదు. లాగిన్ లేకపోతే 401, లాగిన్ ఉన్నా ఆ పనికి అనుమతి లేకపోతే 403 (పైన చెప్పిన వేరేవాళ్ళ బుకింగ్‌కి మాత్రం 404), కొత్తగా తయారైతే 201. మామూలు ఫారం అయితే సేవ్ అయ్యాక 303తో రీడైరెక్ట్ చేయండి, లేకపోతే పేజీ రిఫ్రెష్ చేసినప్పుడు ఫారం మళ్ళీ వెళ్తుంది. ఊహించని ఎర్రర్లకి ప్రతి యాక్షన్‌లో ట్రై క్యాచ్ రాసుకుంటూ పోకుండా ఒకేచోట పట్టుకోండి, స్ప్రింగ్‌లో కంట్రోలర్ అడ్వైస్, ఎక్స్‌ప్రెస్‌లో ఎర్రర్ మిడిల్‌వేర్ ఉన్నది అందుకే. స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడినుంచి వచ్చిందో చూపే జాబితా) లాగ్‌లోకి పోవాలి, యూజర్‌కి కనబడకూడదు.

ఇప్పటికే వందల లైన్ల కంట్రోలర్ మీ చేతికొచ్చి ఉంటే మొత్తం ఒకేసారి తిరగరాయొద్దు. డబ్బుతో ముడిపడ్డ యాక్షన్ ఒకటి పట్టుకోండి. రిక్వెస్ట్ పంపితే ఇప్పుడు ఏ స్టేటస్, ఏ మొత్తం వస్తున్నాయో టెస్ట్ రాసి పెట్టుకోండి. తర్వాత లెక్క వేసే భాగాన్ని మాత్రం బయటికి లాగండి, దానికి రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ ఇవ్వకుండా తేదీలు, అద్దె, అడ్వాన్స్ మాత్రమే ఇవ్వండి. పాత టెస్ట్ పాసైతే ఆ ఒక్క మార్పునీ మెర్జ్ చేసి, తర్వాతి యాక్షన్‌కి వెళ్ళండి.