కంది విత్తనం కొనకుండా ఇంట్లోనే దాచుకోవడం ఎలా

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ చేతిలో ఉన్నది హైబ్రిడ్ అయితే దాచుకోవద్దు, వచ్చే ఏడు చేను కలగాపులగంగా వస్తుంది. నాటు రకమో, హైబ్రిడ్ కాని రకమో ఉంటేనే ఈ పని. నాటు విత్తనం దొరకడం లేదంటారా, జహీరాబాద్ వైపు సంక్రాంతికి మొదలై ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగే పాత పంటల జాతరకు ఒకసారి వెళ్లండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు నడిపే జాతర అది, ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. జొన్న, కంది, అనుములు అన్నీ ఒకే చేలో కలిపి వేస్తారు వాళ్లు, వానలు మధ్యలో ఆగి జొన్న వాడిపోయినా వేరు లోతుకు పోయిన కంది నిలబడుతుంది కాబట్టి ఇంట్లో పప్పుకైనా లోటుండదు.

విత్తనం చేలోనే ఎంచుకోవాలి, కల్లంలో కుప్పలోంచి దోసిలి తీస్తే ఏ మొక్క గింజో ఎవరికి తెలుసు? కాయ ముదురుతున్నప్పుడు చేలో తిరిగి, బాగున్న మొక్కలకు పాత చీర పీలికలు కట్టండి. ఎండు తెగులుకు చుట్టూ మొక్కలు చచ్చిపోయినా పచ్చగా నిలబడ్డది కనిపిస్తే దాన్ని అస్సలు వదలొద్దు. ఒకటి రెండు మొక్కలతో సరిపెట్టకండి, ముప్పై నలభై అయినా ఉండాలి. గట్టు పక్కవి వద్దు, తేనెటీగలు పక్కచేను పుప్పొడి మోసుకొచ్చి కందిని ఇట్టే కలిపేస్తాయి.

ఇక ఎండబెట్టడం. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒక ఏడు పని తొందరలో రెండు ఎండలు చూపించి ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాను, తొలకరికి తీస్తే గింజకో చిల్లు, అడుగున పిండి. పుచ్చు పురుగు చేలోనే కాయ మీద గుడ్లు పెట్టి మనతోపాటే ఇంటికొస్తుందని అప్పుడు తెలిసింది. గోనెపట్టా మీద పలచగా పోసి, పంటి కింద పెడితే పటుక్కున విరిగేదాకా ఎండనివ్వండి. వేడి గింజను అలాగే కుండలో పోస్తే చెమట పడుతుంది, చల్లారనివ్వాలి. తర్వాత ఎర్రమట్టిని నీళ్లలో కలిపి గింజలకు పట్టించి మళ్లీ బాగా ఎండబెడతారు మా వైపు, ఆ పొర ఉంటే పురుగుకు పని కష్టం. అది కుదరకపోతే జల్లించిన పిడకల బూడిద, నీడన ఎండిన వేపాకు కలిపి కుండలో పోసి, మూతి పేడతో మెత్తండి.

మే నెలలో 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి అయిదారు రోజులు ఉంచండి. 80 దాకా మొలిస్తే ధైర్యంగా విత్తుకోవచ్చు, 60 అయితే గింజ కొంచెం ఎక్కువ పోయాలి, సగం కూడా రాకపోతే టెన్షన్ పడకుండా పప్పుకు వాడేసి విత్తనం కోసం పక్కింటికి వెళ్లండి.

పక్కింట్లో ఉండాలంటే మీరు ముందే ఇచ్చి ఉండాలి మరి. విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం తప్పేమోనని కొందరు భయపడతారు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల కోసం వచ్చిన 2001 చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. కనీసం రెండిళ్లకు తలా అర కిలో ఇవ్వండి, ఇచ్చేటప్పుడు రకం పేరూ ఏ ఏడు పంటో చీటీ మీద రాసి సంచిలో వేయండి, లేకపోతే మూడేళ్లకు అది ఏ కందో ఎవరికీ గుర్తుండదు.