ఇన్వర్టర్ ఉండగా మళ్ళీ యూపీఎస్ ఎందుకు?

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, ఫైల్ సర్వర్‌కి (ఇంట్లో అందరి ఫైళ్ళూ దాచే కంప్యూటర్‌కి) ఇంకేం కావాలనుకున్నాను. కరెంటు పోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది, సర్వర్ మాత్రం రీస్టార్ట్ అయ్యేది. బ్యాటరీకి మారే ఆ రెప్పపాటును ఫ్యాన్ పట్టించుకోదు, కంప్యూటర్ ఊరుకోదు. ఆ రెప్పపాటును కాయడానికే యూపీఎస్ కొనాల్సి వచ్చింది.

వాట్ మీటర్ పెట్టి చూస్తే సర్వర్, రౌటర్ కలిపి 45 వాట్లు. షాపతను 1100 వీఏ (యూపీఎస్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) యూపీఎస్ అంటగట్టబోయాడు. 600 వీఏ చాలన్నాను. దాని మీద 360 వాట్లని రాసే ఉంది. నేను పట్టుబట్టింది యూఎస్‌బీ పోర్టు కోసం. ఆ కేబుల్ సర్వర్‌కి తగిలించి, యూపీఎస్ బ్యాటరీ అయిపోవస్తే సర్వర్‌ని పద్ధతిగా ఆపే నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను.

మాది సైన్ వేవ్ ఇన్వర్టర్ (మామూలు లైన్ కరెంటు లాంటిదే ఇచ్చేది) కాబట్టి యూపీఎస్‌ని దాని లైన్‌లోనే పెట్టాను. మొన్న ఇన్వర్టర్‌దీ, యూపీఎస్‌దీ రెండు బ్యాటరీలూ అయిపోవచ్చాయి. సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగింది. యూపీఎస్ కీచుమని అరుస్తుంటే, "ముందు దాని నోరు మూయించండి" అంది మా ఆవిడ.